పొసగని అంకెల వెనుక: థైరాయిడ్ రక్తపరీక్షలను చదవవలసిన తీరు

డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మృత్యర్థం

శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగానూ, ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గానూ పనిచేసి, 2001లో కన్నుమూసిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మృతికి అంకితమైన ఉపన్యాసానికి థైరాయిడ్ రక్తపరీక్షలు విషయం కావడంలో ఔచిత్యం ఉంది. ఆయన పరిశోధనలో ఒక ముఖ్య భాగం మెడ ముందు వైపు, స్వరపేటికకు దిగువన, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లు ఒదిగి ఉండే ఈ చిన్న గ్రంథి చుట్టూ, అది వాచి గాయిటర్‌గా, అంటే గళగండంగా, మారడానికి గల కారణాల చుట్టూ సాగింది.

ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో ఆయనా ఆయన సహచరులూ ఆరంభించిన అధ్యయనం ప్రజారోగ్య చరిత్రలో నిలిచిపోయింది. సుమారు లక్ష మంది నివసించే ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించి, రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మూడోదానికి మామూలు ఉప్పును సరఫరా చేసి, కొన్నేళ్ల తరువాత మళ్లీ మెడలు పరీక్షించి చూస్తే, అయోడిన్ ఉప్పు అందిన రెండు మండలాల్లో గళగండం గణనీయంగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఈ పరిశీలన గట్టి ఆధారమైంది.

ఆ అధ్యయనం నేర్పిన పాఠం ఉప్పుతో ఆగిపోయేది కాదు. కాంగ్రాలో వాచిన గ్రంథి చెడిపోయిన గ్రంథి కాదు. వానలకూ వరదలకూ అయోడిన్ కొట్టుకుపోయిన నేలలో పండిన తిండి నుంచి, దొరికిన కొద్దిపాటి అయోడిన్‌నూ వదలకుండా పట్టుకోవడానికి పెరిగిన గ్రంథి. కంటికి కనిపించే లక్షణం మెడలో ఉన్నా దాని కారణం మట్టిలో ఉంది. రక్తపరీక్షలో కనిపించే అసాధారణ ఫలితానికీ ఈ మాట వర్తిస్తుంది. రిపోర్టులో పొసగని ప్రతి అంకె ఏదో ఒకదాని గురించి నిజమే చెబుతుంది, కానీ ఆ నిజం ఎప్పుడూ థైరాయిడ్ గురించే కానక్కరలేదు. అది మాత్ర వేసుకున్న వేళ గురించి కావచ్చు, మరో జబ్బు గురించి కావచ్చు, జుట్టు కోసం మింగిన గుళిక గురించి కావచ్చు, యంత్రంలోని రసాయనం గురించి కావచ్చు. దేని గురించి చెబుతోందో తేల్చుకున్న తరువాతే వైద్యం మొదలుకావాలన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం.

తెలుగు ఇళ్లలో ‘ఆమెకు థైరాయిడ్ ఉంది’, ‘ఈ మధ్యే థైరాయిడ్ వచ్చింది’ అనే మాటలు సర్వసాధారణమైపోయాయి. అందరికీ పుట్టుకతో ఉండే గ్రంథి పేరు ఒక జబ్బు పేరుగా మారిపోవడానికి ఆ జబ్బు విస్తృతి ఒక కారణం: హైదరాబాద్‌తో సహా ఎనిమిది భారతీయ నగరాల్లో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 10.95 శాతం మందికి గ్రంథి పని తగ్గిన స్థితి, అంటే హైపోథైరాయిడిజం, ఉన్నట్లు తేలింది. పరీక్ష చౌకగా, ప్రతి వీధిలోనూ దొరకడం మరో కారణం. ఇంత విరివిగా జరిగే పరీక్షలో కొద్ది పాళ్ల ఫలితాలు దారి తప్పించేవైనా, వాటి వల్ల అనవసరంగా మందు మొదలుపెట్టుకునేవారూ, అవసరమైన మందు అందనివారూ పెద్ద సంఖ్యలోనే ఉంటారు.

గ్రంథి, దాని కావలి

థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా ఉత్పత్తి చేసే హార్మోన్ థైరాక్సిన్. దీనిని ఎడ్వర్డ్ కెండాల్ 1914లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో స్ఫటిక రూపంలో వేరుచేయగా, చార్లెస్ హారింగ్టన్ 1926లో దాని నిర్మాణాన్ని నిర్ధారించాడు. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉండడం వల్ల దీనికి టీ4 అని సంక్షిప్త నామం. అందులో ఒక అయోడిన్‌ను తొలగిస్తే ఏర్పడే టీ3ని 1952లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ కనుగొన్నారు. కణాల్లో నేరుగా పనిచేసేది ఎక్కువగా టీ3యే. దానిలో అధిక భాగం గ్రంథిలో కాక కాలేయం, మూత్రపిండాలు, కండరాల వంటి ఇతర అవయవాల్లో టీ4 నుంచి తయారవుతుంది.

ఈ ఉత్పత్తిపై మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి, అంటే పిట్యూటరీ, నిఘా వేసి ఉంటుంది. అది విడుదల చేసే థైరాయిడ్ ప్రేరక హార్మోన్‌కు టీఎస్‌హెచ్ అని పేరు. చెరువు కింద ఆయకట్టులో తడి చూసి తూము ఎత్తడమో దించడమో చేసే నీరుగంటి పనికీ పీయూష గ్రంథి పనికీ పోలిక ఉంది. పొలాలు ఎండుతుంటే నీరుగంటి తూము పైకి లాగుతాడు, నీళ్లు నిండితే దించుతాడు. అలాగే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. అందువల్ల టీఎస్‌హెచ్ పెరిగి టీ4 తగ్గితే థైరాయిడ్ పని మందగించిందనీ, టీఎస్‌హెచ్ అడుగంటి టీ4 పెరిగితే గ్రంథి అతిగా పనిచేస్తోందనీ చెప్పవచ్చు. చాలా రిపోర్టులు ఈ రెండు మూసల్లో ఒకదానిలో ఇమిడిపోతాయి. పొలాలు మునిగిపోతున్నా తూము తెరిచే ఉందన్నట్లో, పొలాలు బీటలు వారుతున్నా తూము మూసే ఉందన్నట్లో రిపోర్టు వచ్చినప్పుడే అసలు ఆలోచన అవసరమవుతుంది.

రెండు అంకెల మధ్య ఉన్నది సమపాళ్ల సంబంధం కాదని కూడా గుర్తించాలి. ఫ్రీ టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ రెట్టింపు కావడంతో ఆగదు, అనేక పదుల రెట్లు, దాదాపు నూరు రెట్ల వరకూ పెరగగలదు. ఈ సున్నితత్వం వల్లనే టీఎస్‌హెచ్ తొలి పరీక్షగా స్థిరపడింది; గ్రంథిలో కొద్దిపాటి మార్పును కూడా అది పెద్దది చేసి చూపిస్తుంది. అదే కారణంగా, పీయూష గ్రంథి సరిగా ఉండి, హార్మోన్ మోతాదు కొంతకాలంగా నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే ఆ అంకెను నమ్మవచ్చు.

ఫ్రీ టీ4 అనే మాటకు కూడా వివరణ కావాలి. రక్తంలోని టీ4లో 99.9 శాతానికి పైగా మోసుకుపోయే ప్రొటీన్లకు అంటిపెట్టుకునే ఉంటుంది. ఏ ప్రొటీనుకూ అంటని అత్యల్ప భాగమే కణాల్లోకి ప్రవేశించగలదు. గర్భం, గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ వంటి కారణాల వల్ల మోసే ప్రొటీన్లు పెరిగినప్పుడు మొత్తం టీ4 పెరుగుతుంది కాని స్వేచ్ఛగా ఉండే భాగం మారదు. మొత్తం టీ4 మాత్రమే కొలిచిన రిపోర్టులో ఎక్కువ అని కనిపించే చాలా అంకెల వెనుక ఉన్నది ఇదే.

కొలత అనే ప్రక్రియ

రక్తంలో ఇంత స్వల్పంగా ఉండే పదార్థాలను కొలవడం ఒకప్పుడు అసాధ్యం. న్యూయార్క్‌లో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కలిసి 1950ల చివర ఇన్సులిన్‌ను కొలవడానికి రూపొందించిన రేడియో ఇమ్యునో అస్సే ఆ అడ్డంకిని తొలగించింది. శరీరంలోకి వచ్చిన పరాయి పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లను ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, అంటారు. వాటినే కొలత సాధనాలుగా మార్చడం ఈ పద్ధతిలోని కీలకం. బెర్సన్ 1972లో మరణించగా, యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. మెదడులోని హైపోథలామస్ అనే భాగం నుంచి పీయూష గ్రంథికి ఆజ్ఞ మోసుకువెళ్లే టీఆర్‌హెచ్ అనే హార్మోన్ నిర్మాణాన్ని ఛేదించిన రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీ అదే ఏడాది అదే బహుమతిలో మిగిలిన సగాన్ని పంచుకున్నారు. శరీరం పంపే ఆజ్ఞనూ, ఆ ఆజ్ఞను కొలిచే సాధనాన్నీ ఒకే వేదిక గౌరవించింది.

ఇప్పటి ల్యాబుల్లో రేడియోధార్మికత స్థానంలో కాంతినిచ్చే రసాయనాలు వచ్చాయి కాని మూలసూత్రం అదే. పరీక్షలు రెండు రకాలుగా ఉంటాయి. టీఎస్‌హెచ్ వంటి పెద్ద అణువును రెండు ప్రతిరక్షకాలు అటూ ఇటూ పట్టుకుంటాయి. హార్మోన్ ఎంత ఎక్కువ ఉంటే వెలుగు అంత ఎక్కువ. దీనిని శాండ్‌విచ్ పద్ధతి అంటారు. టీ4, టీ3 వంటి చిన్న అణువులకు రెండు వైపులా పట్టుకునే చోటు ఉండదు కాబట్టి, రోగి రక్తంలోని హార్మోనూ, ల్యాబు కలిపిన గుర్తుగల హార్మోనూ ఒకే ప్రతిరక్షకం కోసం పోటీపడతాయి. రోగి హార్మోన్ ఎక్కువైనకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఈ రెండు పద్ధతులు వెలుగును ఎదురెదురు దిశల్లో అర్థం చేసుకుంటాయన్న సంగతి సాంకేతికమైన వివరంగా కనిపించినా, ముందు ముందు చర్చించే అత్యంత విచిత్రమైన ఫలితాలకు తాళంచెవి అదే.

పరిధి అనే గీత

రిపోర్టులో ఫలితం పక్కన అచ్చయ్యే సాధారణ పరిధి ఆరోగ్యానికీ జబ్బుకూ మధ్య ప్రకృతి గీసిన గీత కాదు. జబ్బు లేదని నిర్ధారించిన వ్యక్తుల రక్తాన్ని పరీక్షించి, వారిలో నడుమ ఉన్న 95 శాతం మంది ఫలితాలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉన్నాయో చూసి ఆ పరిధిని నిర్ణయిస్తారు. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి నూరుమందిలో సుమారు అయిదుగురు నిర్వచనం ప్రకారమే పరిధికి బయట ఉంటారు. టీఎస్‌హెచ్‌కు ఈ పరిధి చాలా ల్యాబుల్లో లీటరుకు దాదాపు 0.4 నుంచి 4.0 మిల్లీ యూనిట్ల వరకు ఉంటుంది. పరికరాన్ని బట్టి అది కొంత మారుతుంది కాబట్టి, ఒక ల్యాబులో 3.9, మరో ల్యాబులో 4.4 వచ్చినంత మాత్రాన జబ్బు ముదిరిందనుకోకూడదు.

పైగా టీఎస్‌హెచ్ రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. అర్ధరాత్రి దాటిన వేళల్లో గరిష్ఠానికి చేరి, మధ్యాహ్నానికి కనిష్ఠానికి దిగుతుంది. తెల్లవారుజామున ఇచ్చిన నమూనాకూ మధ్యాహ్నం ఇచ్చిన నమూనాకూ వచ్చే తేడా గీతకు దగ్గరగా ఉన్న వ్యక్తిని ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ నెట్టడానికి సరిపోతుంది. వయసు పైబడినకొద్దీ టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగడం కూడా చాలామందిలో సహజమే.

టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి, ఫ్రీ టీ4 సాధారణంగా ఉన్న స్థితిని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. వాడుకలో ‘బోర్డర్‌లో ఉంది’ అని వినిపించేది ఎక్కువగా ఇదే. ఇలాంటి ఫలితాలు చాలాసార్లు కొన్ని నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి, రెండు మూడు నెలల తరువాత మరోసారి పరీక్షించడం మొదటి కర్తవ్యం. సర్దుకోని వారిలో ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పడానికి థైరాయిడ్‌పై శరీరమే తయారుచేసే యాంటీ టీపీఓ ప్రతిరక్షకాల పరీక్ష ఉపయోగపడుతుంది. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్ ప్రాంతంలో 20 ఏళ్లపాటు జనాన్ని గమనించి 1995లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, టీఎస్‌హెచ్ పెరగడంతో పాటు ప్రతిరక్షకాలు కూడా ఉన్న స్త్రీలలో ఏటా 4.3 శాతం మంది, టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగినవారిలో ఏటా 2.6 శాతం మంది పూర్తిస్థాయి హైపోథైరాయిడిజానికి చేరారు. మరోవైపు, 65 ఏళ్లు దాటి ఈ స్థితిలో ఉన్న 737 మందిపై జరిగి 2017లో వెలువడిన ట్రస్ట్ అధ్యయనంలో థైరాక్సిన్ మాత్రలు నీరసాన్ని గానీ ఇతర లక్షణాలను గానీ తగ్గించలేదు. అంకెను సరిచేయడమూ మనిషికి మేలు చేయడమూ ఒకటే కాదని దీని సారాంశం.

గర్భిణుల విషయంలో లెక్క వేరు. తొలి మూడు నెలల్లో మాయ నుంచి ఉత్పత్తి అయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌కు టీఎస్‌హెచ్‌తో నిర్మాణ సారూప్యం ఉండడం వల్ల అది నేరుగా థైరాయిడ్‌ను ప్రేరేపిస్తుంది, దానితో పీయూష గ్రంథి తన పని తగ్గించుకుంటుంది. ఆ దశలో తగ్గిన టీఎస్‌హెచ్‌ను జబ్బుగా భావించి మందులు వాడితే బిడ్డకు హాని కలగవచ్చు. అలాగని పెరిగిన టీఎస్‌హెచ్‌ను మామూలు పరిధితో పోల్చి వదిలేసినా ప్రమాదమే. అందుకే గర్భిణి రిపోర్టును ఆ మాసానికి తగిన పరిధితోనే చదవాలి.

కాలం కలిగించే పొరపాట్లు

టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది, పీయూష గ్రంథి దానికి అనుగుణంగా సర్దుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. థైరాక్సిన్ మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా టీఎస్‌హెచ్ పరీక్ష చేయించవద్దని వైద్యులు చెప్పడానికి ఇదే కారణం. రెండు వారాలకే పరీక్షిస్తే కనిపించేది కొత్త మోతాదు ఫలితం కాదు, పాత లోటు తాలూకు నీడ. గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధికి మందు వాడేవారిలో దీనికి విరుద్ధమైన దృశ్యం కనిపిస్తుంది: టీ4 తగ్గి సాధారణమైనా, ఒక్కోసారి అంతకంటే తగ్గినా, నెలల తరబడి అణగి ఉన్న పీయూష గ్రంథి మేల్కొనకపోవడం వల్ల టీఎస్‌హెచ్ అడుగునే ఉంటుంది. అప్పుడు టీఎస్‌హెచ్‌ను మాత్రమే చూసి మందు పెంచితే రోగిని అటువైపు గోతిలోంచి ఇటువైపు గోతిలోకి తోసినట్లవుతుంది.

టీఎస్‌హెచ్ ఎక్కువగా, ఫ్రీ టీ4 కూడా ఎక్కువగా వచ్చిన రిపోర్టు చూసినప్పుడు అరుదైన వ్యాధులను తలచుకునే ముందు మాత్రల సీసా గురించి అడగడం మేలు. వారాల తరబడి మాత్రలు మానేసి, పరీక్షకు ముందు నాలుగైదు రోజులు మాత్రం క్రమంగా వేసుకున్న వ్యక్తిలో టీ4 వెంటనే పెరుగుతుంది, టీఎస్‌హెచ్ మాత్రం మానేసిన రోజుల కథనే చెబుతూ ఉంటుంది. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 తాత్కాలికంగా పెరుగుతుంది కాబట్టి, పరీక్ష రోజున రక్తం ఇచ్చిన తరువాతే మాత్ర వేసుకోవడం మంచిది. పరిగడుపున వేసుకోవలసిన మాత్రను కాఫీతోనో, ఐరన్, క్యాల్షియం మాత్రలతోనో కలిపి వేసుకుంటే పేగు దానిని సరిగా గ్రహించదు; అప్పుడు తగ్గనిది జబ్బు కాదు, అందనిది మందు. తప్పు దొరికినప్పుడు రోగిని నిందించడం వల్ల నిజం దాగిపోతుందే తప్ప బయటపడదు కాబట్టి, ఈ ప్రశ్నలు మెత్తగా అడగవలసినవి.

కాలంతో పాటు కథ మారిపోయే వ్యాధులూ ఉన్నాయి. వైరస్ జ్వరం తరువాత మెడ నొప్పితో వచ్చే థైరాయిడైటిస్‌లో, ప్రసవం తరువాత ఏడాదిలోపు కొందరు తల్లులకు వచ్చే నొప్పిలేని థైరాయిడైటిస్‌లో, గ్రంథి దెబ్బతిని నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి కారుతుంది. మొదటి నెలల్లో అది అతి పనిలా, తరువాతి నెలల్లో తక్కువ పనిలా కనిపించి, చాలామందిలో ఆఖరుకు సాధారణ స్థితికి వస్తుంది. ఒకే మనిషి కొన్ని నెలల వ్యవధిలో తెచ్చిన మూడు రిపోర్టులు ఒకదానినొకటి ఖండిస్తున్నట్లు ఉన్నా, వరసగా పేర్చి చదివితే అవి ఒకే వ్యాధి నడక.

జబ్బుపడిన శరీరం, ఇతర మందులు

తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, గుండెపోటు, పెద్ద శస్త్రచికిత్స, దీర్ఘకాల ఉపవాసం వంటి పరిస్థితుల్లో శరీరం శక్తి ఖర్చును తగ్గించుకోవడానికి టీ4ను చురుకైన టీ3గా మార్చడం తగ్గించి, పనిచేయని రివర్స్ టీ3గా మార్చుతుంది. మొదట టీ3 పడిపోతుంది, జబ్బు ముదిరితే టీ4, టీఎస్‌హెచ్ కూడా పడిపోతాయి. కోలుకునే దశలో టీఎస్‌హెచ్ పరిధి దాటి, ఒక్కోసారి 20 వరకు కూడా పెరిగి మళ్లీ దిగివస్తుంది. థైరాయిడ్‌లో లోపం లేకుండా థైరాయిడ్ పరీక్షలు మారే ఈ స్థితిని నాన్ థైరాయిడల్ ఇల్‌నెస్ అంటారు. థైరాయిడ్ జబ్బు ఉందనే బలమైన అనుమానం లేనప్పుడు ఐసీయూలో ఈ పరీక్షలు చేయించకపోవడం, చేయించినవాటిని కోలుకున్న కొన్ని వారాల తరువాత మళ్లీ చూడడం ఉచితమైన పద్ధతి.

మందుల ప్రభావం కూడా విస్తారమైనది. గుండె లయ తప్పినప్పుడు వాడే అమియోడరోన్ బరువులో 37 శాతం అయోడినే కావడం వల్ల, ఒక్క 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. పెద్దలకు రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములే. ఆ మందు వాడేవారిలో కొందరికి గ్రంథి పని తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది, చాలామందికి జబ్బేమీ లేకుండానే తొలి నెలల్లో అంకెలు మారతాయి. మానసిక వ్యాధికి వాడే లిథియం గ్రంథి నుంచి హార్మోన్ విడుదలను అడ్డుకుంటుంది. స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ టీ4 అంకెను తగ్గించినా టీఎస్‌హెచ్ సాధారణంగానే ఉండవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల నమూనా గొట్టంలోనే కొవ్వు ఆమ్లాలు విడుదలై, ప్రొటీన్లకు అంటుకున్న టీ4ను ఊడగొట్టి, ఫ్రీ టీ4ను లేనిపోని ఎత్తులో చూపుతాయి. ఆ పెరుగుదల రోగి ఒంట్లో జరగదు, గొట్టంలో జరుగుతుంది.

పరీక్షకే చిక్కు వచ్చినప్పుడు

అన్నిటిలోకీ మోసకరమైన ఫలితాన్ని తెచ్చేది బయోటిన్. ఇది బి విటమిన్లలో ఒకటి. పెద్దలకు రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు సరిపోతుంది. జుట్టు, గోళ్ల కోసం అమ్మే గుళికల్లో అది తరచుగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు, అంటే అవసరానికి వందల రెట్లు ఉంటుంది. బయోటిన్‌కూ స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీనుకూ మధ్య ఉన్న బంధం అతి బలమైనది కాబట్టి, అనేక కంపెనీల పరీక్షల్లో ప్రతిరక్షకాలను యంత్రంలో ఒకచోట నిలిపి ఉంచడానికి ఈ జంటనే వాడతారు. రోగి రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే అది ఆ బంధానికి అడ్డుపడి వెలుగును తగ్గిస్తుంది. వెలుగు తగ్గడాన్ని శాండ్‌విచ్ పద్ధతి హార్మోన్ తక్కువగా ఉన్నట్లు, పోటీ పద్ధతి హార్మోన్ ఎక్కువగా ఉన్నట్లు చదువుతాయి. ఫలితంగా టీఎస్‌హెచ్ అడుగంటినట్లూ, టీ4, టీ3 పెరిగినట్లూ, కొన్ని పరీక్షల్లో గ్రేవ్స్ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు కూడా ఉన్నట్లూ కనిపిస్తుంది. ఇక్కడ అంకెలన్నీ చక్కగా పొసగుతాయి, పొసగనిది మనిషి. గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు, బరువు తగ్గలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులో ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచిస్తుంది. చాలా పెద్ద మోతాదులు వాడేవారు ఇంకా ఎక్కువ కాలం ఆపవలసి రావచ్చు.

రోగి రక్తంలోని ప్రతిరక్షకాలే యంత్రాన్ని తికమక పెట్టే సందర్భాలు కూడా ఉన్నాయి. పరీక్షలో వాడే ప్రతిరక్షకాలు తరచుగా ఎలుక వంటి జంతువుల నుంచి తయారవుతాయి. వాటిని అంటిపెట్టుకునే హెటిరోఫైల్ ప్రతిరక్షకాలు కొందరి రక్తంలో ఉండి, టీఎస్‌హెచ్ లేకపోయినా శాండ్‌విచ్‌లోని రెండు పొరలనూ కలిపేసి, లేని హార్మోన్‌ను ఉన్నట్లు చూపుతాయి. మరికొందరిలో టీఎస్‌హెచ్ అణువు తమ సొంత ప్రతిరక్షకంతో ముడిపడి మ్యాక్రో టీఎస్‌హెచ్ అనే పెద్ద ముద్దగా రక్తంలో తిరుగుతుంది. అది గ్రంథిపై పనిచేయలేదు కాని యంత్రానికి మాత్రం దొరుకుతుంది. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు అదే నమూనాను వేరే కంపెనీ యంత్రంపై పరీక్షించడం, నమూనాను పలుచన చేసి ఫలితం అదే నిష్పత్తిలో తగ్గుతుందో లేదో చూడడం, పెద్ద ముద్దలను అడుగుకు దించే పీఈజీ అనే రసాయనంతో శుద్ధిచేసి మళ్లీ కొలవడం అనే మార్గాలున్నాయి. ఇవి ల్యాబులోని జీవరసాయన నిపుణుడూ చికిత్స చేసే వైద్యుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటేనే జరిగే పనులు.

కావలివాడి లోపం

పొరపాట్లన్నీ తొలగించాక కూడా పొసగని అంకెలు మిగిలితే చూపు పీయూష గ్రంథి వైపు మళ్లాలి. ఫ్రీ టీ4 తక్కువగా ఉండి టీఎస్‌హెచ్ పెరగకుండా సాధారణ పరిధిలోనే ఉంటే, పొలాలు ఎండుతున్నా నీరుగంటి కదలడం లేదన్నమాట. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి ‘నార్మల్’ అని పక్కనపెట్టే పద్ధతిలో తప్పిపోయేది ఈ వ్యాధే. ప్రసవ సమయంలో తీవ్రమైన రక్తస్రావం వల్ల పీయూష గ్రంథికి రక్తం అందక అది చచ్చుబడిపోయే స్థితిని 1937లో హెరాల్డ్ షీహన్ వివరించాడు. ఆ తల్లికి పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఏళ్ల తరబడి నీరసం వదలదు. దానిని బాలింత బలహీనతగా భావించి వదిలేయడం వల్ల ఆమె జీవితంలో ఎంతో కాలం వృథా అవుతుంది. ఈ స్థితిలో అడ్రినల్ గ్రంథులకు అందే ఆజ్ఞ కూడా ఆగిపోయి ఉండవచ్చు కాబట్టి, ఆ గ్రంథుల హార్మోన్ అయిన కార్టిసోల్‌ను చూడకుండా, అవసరమైతే దానికి మందు ఇవ్వకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణాపాయం కలగవచ్చు.

దీనికి పూర్తిగా ఎదురు దృశ్యం, టీ4, టీ3 పెరిగినా టీఎస్‌హెచ్ అణగకపోవడం. దీని వెనుక రెండు కారణాలు ప్రధానం. మొదటిది, ఎవరి మాటా వినకుండా టీఎస్‌హెచ్‌ను ఉత్పత్తి చేసే పీయూష గ్రంథి కణితి. రెండోది, 1967లో శామ్యూల్ రెఫెటాఫ్, ఆయన సహచరులు ఒక కుటుంబంలో గుర్తించిన థైరాయిడ్ హార్మోన్ నిరోధకత. హార్మోన్‌ను అందుకునే గ్రాహక ప్రొటీనులో పుట్టుకతో వచ్చిన మార్పు వల్ల పీయూష గ్రంథికి హార్మోన్ సరిగా వినబడదు, కనుక అది ఇంకా కావాలని అడుగుతూనే ఉంటుంది. బీటా గ్రాహక జన్యువులోని ఆ మార్పులు 1989లో వెల్లడయ్యాయి. ఈ స్థితి సుమారు 40,000 జననాల్లో ఒకరికి కనిపిస్తుంది. ఇలాంటి వ్యక్తికి అతి థైరాయిడ్ ఉందని పొరబడి గ్రంథిని కోసి తీసేసినా, రేడియో అయోడిన్‌తో కాల్చేసినా, శరీరం తన లోపాన్ని సర్దుకోవడానికి వెతుక్కున్న దారిని మూసేసినట్లే. తల్లిదండ్రుల, తోబుట్టువుల రక్తం పరీక్షిస్తే వారిలో ఎవరికైనా అవే అంకెలు కనిపించడం చాలాసార్లు తొలి ఆధారమవుతుంది. టీ4ను అతి గట్టిగా పట్టుకునే రకం ఆల్బుమిన్ ప్రొటీను కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, వారిలో జబ్బేమీ లేకుండానే టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. కనుక కుటుంబ పరీక్షను గ్రంథి తీసేయడానికి ముందే చేయాలి.

చదవవలసిన క్రమం

ఇంతవరకు చెప్పిన విషయాల నుంచి ఒక క్రమం తేలుతుంది. మొదట మనిషిని చూడాలి: నాడి, బరువు, చర్మం, మెడ, నిద్ర, నెలసరి, ఒంటి వేడి అంకెతో ఏకీభవిస్తున్నాయో లేదో గమనించాలి. తరువాత కాలాన్ని అడగాలి: మాత్ర ఎప్పుడు, రక్తం ఎప్పుడు, మోతాదు మారి ఎన్నాళ్లయింది, ఈ మధ్య ప్రసవమో పెద్ద జబ్బో వచ్చిందా అని. ఆ పైన మింగే ప్రతి పదార్థాన్నీ, చీటీ రాసిన మందునూ చీటీ లేని గుళికనూ, ఆకు మందునూ సహా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు పరీక్షను మళ్లీ, వీలైతే వేరే యంత్రంపై, చేయించాలి. ఇవన్నీ దాటి నిలిచిన అంకెకే స్కానింగ్, జన్యు పరీక్ష వంటి పెద్ద ప్రయత్నాలు తగినవి. ఈ క్రమంలో ముందు మెట్లు ఖర్చు లేనివి, వెనుక మెట్లు ఖరీదైనవి. ఆచరణలో తరచుగా జరిగేది దీనికి తలకిందులు కావడం విచారకరం.

రోగికి కూడా ఇందులో పాత్ర ఉంది. పాత రిపోర్టులను పారేయకుండా తేదీల వారీగా దాచుకోవడం, వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఒకే వేళకు రక్తమివ్వడం, వాడే మందులూ విటమిన్లూ అన్నీ ఒక కాగితంపై రాసి చూపడం, గీత దాటిన ఒక్క అంకెను చూసి తనంతట తాను మాత్ర మొదలుపెట్టకపోవడం, మానకపోవడం అనే నాలుగు పనులు ఏ నిపుణుడి తెలివికీ తీసిపోని సహాయం చేస్తాయి. ఒక్క రిపోర్టు ఒక్క క్షణాన్ని మాత్రమే చూపుతుంది. పది రిపోర్టుల వరస ఆ మనిషి గ్రంథి అలవాటును చూపుతుంది.

కాంగ్రా లోయలో మామూలు ఉప్పు తిన్న మండలం ఆ పరిశోధనకు పోలిక కోసం కావలసివచ్చింది. ఫలితం తేలిన తరువాత, 1962 నుంచి, ఆ మండలానికి కూడా అయోడిన్ ఉప్పు అందింది, అక్కడి మెడల వాపు కూడా తగ్గనారంభించింది. రామలింగస్వామి బృందం వాచిన మెడలను కోయలేదు, వాటిని లెక్కపెట్టి, అవి ఎందుకు వాచాయని అడిగింది. సమాధానం వంటింటి ఉప్పు డబ్బాలో దొరికింది. పొసగని రిపోర్టును చేతబట్టుకుని వచ్చిన మనిషి ముందు కూర్చున్న వైద్యుడు చీటీపై మోతాదు రాయడానికి ముందు, ఈ అంకె దేని గురించి నిజం చెబుతోందని ఒక్కసారి అడిగితే, శ్రీకాకుళంలో పుట్టిన ఆ శాస్త్రవేత్త పద్ధతి ఆ గదిలో కొనసాగినట్లే.